హాలోంగ్ అఖాతము

వియత్నాం రాజధానియగు హనోయి నుండి హాలోంగ్ అఖాతమునకు సుమారు 160 కిలోమీటర్లు. ఉదయమున బయలుదేరినవారు పగటివేళ ఓడపై విహరించి రాత్రికి మరలి రావచ్చును. దారిలో 2018లో తెరచిన వంతెనపై బాక్‌డాంగ్ నదిని దాటుదురు. పలువు రప్పటికి కునికిపాట్లు పడుచుందురు. చరిత్ర మాత్రము అచ్చటనే యున్నది.

1287లో కుబ్లాయ్‌ఖాను సేనలు మూడవమారు ఈ దేశముపై దండెత్తినవి. వాని వెనుక ధాన్యపుటోడలు వచ్చుచుండెను. అఖాతమునకు ఈశాన్యమున, వాన్‌డాన్ దీవులయొద్ద, ట్రాన్ ఖాన్ దు వానిని నాశనము చేసెను. తిండి లేని దండు ఎంత పెద్దదైన నేమి? 1288లో అది తిరుగుముఖము పట్టగా, ట్రాన్ హుంగ్ దావ్ బాక్‌డాంగ్ నదీగర్భమున మొనదేలిన దుంగలు నాటించి, పోటువేళ శత్రునౌకలను లోనికి రప్పించెను. పోటు తీయగానే నావలు దుంగలకు గ్రుచ్చుకొని నిలిచిపోయెను. ఉపాయము క్రొత్తది కాదు. 938లో న్గో క్యుయెన్ ఇదే నదిలో దక్షిణ హాన్ నౌకాబలము నిట్లే కూల్చెను.

హాలోంగ్ అనగా దిగివచ్చిన డ్రాగన్. అది ఉమిసిన మణులే ద్వీపములై శత్రువుల నడ్డగించెనని అచ్చటి గాథ. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించిన ఈ అఖాతమున దాదాపు 1600 సున్నపురాతి దీవులున్నవి. నాకు మాత్రము ఆ మణులకంటె మునిగిన ధాన్యమే ఘనముగా తోచును. నాటి దుంగలు కొన్ని క్వాంగ్‌యెన్ వద్ద బురదలో నేటికిని నిలిచియున్నవి.