అభ్యాసము, అవధానము

పందొమ్మిదవ శతాబ్ది చివరి దినములలో అమెరికా దేశపు తంతి కార్యాలయములందు, యంత్రపు టకటకలను చెవితో విని అక్షరములుగా వ్రాసికొను పనివారిని ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం లో బ్రయన్, నోబుల్ హార్టర్ అనువారు పరిశీలించి, 1897, 1899 సంవత్సరములలో ప్రకటించిన రెండు వ్యాసములు, మనస్సు చేయు పనులలో ప్రయత్నపూర్వకమైనవేవి, అప్రయత్నముగా సాగునవేవి అను విచారణకు గట్టి పునాది వేసినవి. కొత్తగా చేరినవాడు ఒక్కొక్క అక్షరమునకై చెవియొగ్గి ప్రయాసపడును. కొన్ని నెలలు గడచునప్పటికి మాటకు మాటయే వినవచ్చును. ఆరితేరినవానికి పదబంధములు ఒక్కపెట్టున స్ఫురించును. నడుమ, ఎంత సాధన చేసినను వేగము పెరుగని స్తబ్ధదశ యొకటి కలదని వారు చెప్పిరి. అట్టి దశ తప్పనిసరి కాదని 1958లో ఫ్రెడ్ కెల్లర్ ఆక్షేపించెను గాని, క్రిందిమెట్టున అలవాటు కుదిరిననే పైమెట్టు పనికి అవధానము మిగులునన్న వారి మూలభావము మాత్రము నిలిచినది.

అంతకు ముందే, 1890లో, విలియం జేమ్స్ తన మనోవిజ్ఞాన మహాగ్రంథమున అలవాటునకు ఒక అధ్యాయమునే కేటాయించి, నిత్యకృత్యములను అలవాటునకు అప్పగించినకొలది మనశ్శక్తి ఉన్నతకార్యములకు దక్కునని బోధించియుండెను. హార్వర్డులో ఆయన శిష్యురాలును, పిమ్మట సాహిత్యమున ప్రఖ్యాతి గాంచినదియునగు గెర్‌ట్రూడ్ స్టైన్, లియాన్ సోలమన్స్‌తో కూడి, ఒక కథను చదువుచునే మరియొకరు చెప్పు మాటలను వ్రాయుట తమపై తామే సాధించి చూచి, ఆ ఫలితములను 1896లో ప్రకటించెను. ఎనుబదేండ్ల తరువాత, 1976లో, కార్నెల్ విశ్వవిద్యాలయమున స్పెల్కి, హర్స్ట్, నైసర్ అనువారు ఇద్దరు విద్యార్థులచే వారములతరబడి అదే పని చేయింపగా, మొదట కుంటువడిన పఠనము క్రమముగా పూర్వవేగమును అందుకొనెను. తెలుగువానికి ఇది అంత వింత కాదు. అష్టావధాని ఒకవంక సమస్యను పూరించుచు, ఒకవంక నిషిద్ధాక్షరిని దాటుచు, గంటల లెక్కను సైతము తప్పక చెప్పుచున్నాడనిన, ఛందోగతులు ఆయనకు ఊపిరివలె అలవడియుండుటచేతనే గదా ఆ భారము మోయగలుగుచున్నాడని నాకు తోచును.

ఈ చరిత్రలో నేను మరల మరల చదువుకొను ఘట్టము మాత్రము జాన్ రిడ్లీ స్ట్రూప్‌ది. చిత్తరువునో రంగునో చూచి పేరు చెప్పుటకంటె, ఆ పేరునే అచ్చులో చదువుటకు తక్కువకాలము పట్టునని, అది దీర్ఘాభ్యాసఫలమని జేమ్స్ కటెల్ 1886లోనే నిరూపించియుండెను. నాష్‌విల్ నగరమందలి జార్జ్ పీబడీ కళాశాలలో పరిశోధన సాగించిన స్ట్రూప్, 1935లో ఆ రెండింటిని ఒకదానిపై నొకటి ఉసికొల్పెను: ఎరుపు అను మాటను నీలిసిరాతో ముద్రించి, మాటను విడిచి సిరారంగును చెప్పుమనెను. వట్టి రంగుల నూరు గళ్ల పేర్లు చెప్పుటకు సగటున 63.3 సెకండ్లు పట్టగా, ఇట్టి విరుద్ధపదముల రంగులు చెప్పుటకు 110.3 సెకండ్లు పట్టినవి. చదువవలదనుకొన్నను కన్ను చదువక మానలేదన్నమాట! ఈ ఫలితమును లోకము పదేపదే చెప్పుకొన్నది. అంతకంటె లోతైన ఆయన మూడవ ప్రయోగమును చాలమంది మరచిరి. రంగులు చెప్పుటను కొన్నిదినములు సాధన చేయించిన పిమ్మట, స్వల్పకాలమే యైనను, రంగే మాటను చదువుటకు అడ్డుతగిలెను. ఇంతటి కృషి చేసిన ఆ మహనీయుడు శేషజీవితమును ప్రధానముగా బైబిలు బోధనకే అంకితమొనర్చెను.

1958లో డోనాల్డ్ బ్రాడ్‌బెంట్ అవధానమును ఒక వడపోతగా వర్ణించెను. 1975లో పోస్నర్, స్నైడర్ అనువారు సంకల్పము లేకయు, ఎరుక లేకయు, ఇతరకార్యములకు భంగము కలిగింపకయు సాగునదే స్వయంచలిత ప్రక్రియ యని లక్షణము చెప్పిరి. రెండేండ్లకు రిచర్డ్ షిఫ్రిన్, వాల్టర్ ష్నైడర్ ప్రకటించిన జంట వ్యాసములలో ప్రయత్నపూర్వకము, స్వయంచలితము అను విభజన పూర్ణరూపము దాల్చెను. బ్రయన్ పనిచేసిన ఇండియానా విశ్వవిద్యాలయమే షిఫ్రిన్‌కును నిలయమగుట ముచ్చటగొలుపు సంగతి. కొన్ని హల్లులను ఎల్లప్పుడు వెదకవలసినవిగను, కొన్నింటిని ఎల్లప్పుడు విడువవలసినవిగను నియమించి 2100 పర్యాయములు సాధన చేయింపగా వెదకుట సునాయాసమయ్యెను. అంతట నియమమును తారుమారు చేసిరి. నేర్చినవారు నేర్వనివారికంటె హీనులైరి. మొట్టమొదటి స్థితికి మరల చేరుటకే సుమారు 1000 పర్యాయములు పట్టినవి. పట్టుదలతో సంపాదించిన నైపుణ్యమే పట్టి లాగిన వైనమిది.

ఆ పిమ్మట విభజనయే సడలసాగెను. అలవాటనగా వెనుకటి సందర్భములు ఒక్కొక్కటిగా స్మృతిలో పేరుకొని వేగముగా మేల్కొనుటయే యని 1988లో గోర్డన్ లోగన్ ప్రతిపాదించెను. ఎరుక లేమి, సంకల్ప లేమి, అనాయాసత, అనివార్యత అను నాలుగు లక్షణములును విధిగా ఒక్కచోట కూడవని 1994లో జాన్ బార్గ్ చూపెను. అప్రయత్నమైన ఆలోచనకు మొదటి వ్యవస్థ, ప్రయత్నపూర్వకమైన దానికి రెండవ వ్యవస్థ అని స్టానోవిచ్, వెస్ట్ అనువారు పెట్టిన పేర్లను డేనియల్ కానమన్ 2011 నాటి తన గ్రంథమున జనసామాన్యమునకు చేర్చెను. అవి కల్పితపాత్రలని ఆయనయే హెచ్చరించినను, పాఠకలోకము వానిని తలలో కాపురముండు ఇద్దరు వ్యక్తులుగా నమ్ముట నాకు బాధ గొలుపును. ఏలయన తంతిపనివాడు మొదలు నూరేండ్లపాటు ప్రయోగములు చెప్పినది ఇద్దరి కథ కాదు, ఒకే పని ప్రయాసనుండి అలవాటునకు జారు కథ. 1997లో కెనడాకు చెందిన డెరెక్ బెస్నర్, ఆయన సహచరులు స్ట్రూప్ పరీక్షను మరల చేపట్టి, పదమంతటికిని గాక అందలి ఒక్క అక్షరమునకు మాత్రమే రంగు వేసి చూచిరి. ఆపతరముగాదని అరువదేండ్లు నమ్మిన ఆ ఆటంకము అంతమాత్రముననే ఎంతో తగ్గిపోయెను.