ముందు చెవిని అడగాలి

‘మా పాపకి ఎనిమిదేళ్లు. రాత్రిళ్లు చదివి వినిపించడానికి తెలుగులో మంచి నవలలు చెప్పండి’ అని ఎవరైనా అడగ్గానే మనం పేర్లు అందుకుంటాం. నీతి ఉందా, వయసుకి తగ్గదేనా, ఇంగ్లీషులో పేరున్నదేనా అని చూస్తాం. పైకి చదివితే ఆ వాక్యం చెవికి ఎలా ఉంటుందన్నది మాత్రం చివర్లో గుర్తొస్తుంది, అదీ గుర్తొస్తే. తెలుగులో ఈ చెవి సంగతిని అందరికంటే మొండిగా పట్టుకున్న మనిషి టెక్కలికి దగ్గర్లోనే బడిపంతులుగా బతికారు.

1900లో నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి నారోగేజ్ రైలు నడిచింది. అప్పటికే ఇరవై ఏళ్లుగా గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెబుతున్నారు. ఆయన పుట్టింది 1863లో, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. వాడుకభాష ఉద్యమం అనగానే మనకి పండితుల తగాదా గుర్తొస్తుంది గానీ, ఆయన అంతకుముందే వేరే గొడవలో పడ్డారు. చుట్టుపక్కల కొండల్లో సవర పిల్లలున్నారు. వాళ్లకి తెలుగు పుస్తకం రాదు. అందుకని వాళ్లకి తెలుగు నేర్పడం కంటే ముందు తను సవర నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. పిల్లలకి అర్థం కాకపోతే తప్పు పిల్లలది కాదు, పుస్తకానిది అన్న పట్టుదల ఆయనకి అక్కడ వచ్చిందనుకుంటాను.

1906-07 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్‌కి ఒక సందేహం వచ్చింది. తెలుగు పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకయ్యాయి? తెలుగు పాఠాన్ని మళ్లీ తెలుగులోకే అనువదించి చెప్పడం ఏమిటి? విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఆ ప్రశ్నని అందుకున్నారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. తర్వాతి కథ తెలిసిందే: జయంతి రామయ్య పంతులు వైపు పండితులు, స్కూల్ ఫైనల్‌లో వాడుకభాషకి అనుమతి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోవడం, 1919లో గిడుగు ‘తెలుగు’ పత్రిక. పిల్లలకి నవల చదవడానికి కూచున్నప్పుడు మనకి ఇందులో పనికొచ్చేది ఒకటే. పైకి చదివేటప్పుడు మధ్యలో ఆగి అర్థం చెప్పాల్సి వస్తే, ఆ రాత్రికి కథ చచ్చిపోయినట్టే.

ఈ లెక్కన మన పాత నవలలు కొన్ని మొదటి పేజీలోనే తప్పుకుంటాయి. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో గొప్ప పనే, కానీ ఇప్పటి ఎనిమిదేళ్ల పిల్లకి చదివితే ప్రతి వాక్యానికీ మీరు యేట్స్ చూసిన పంతులైపోతారు. చిలకమర్తి ‘గణపతి’లో అల్లరి రేడియో నాటకంగా ఇళ్లన్నిటినీ నవ్వించింది. పుస్తకంగా చదివితే అంత తేలిగ్గా సాగదు.

1924లో వచ్చిన ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం దగ్గర మాత్రం గొంతు దానంతటదే తెరుచుకుంటుంది. కారణం కేవలం హాస్యం కాదు. మొగల్తూరు కుర్రాడు తన సంగతి తనే చెప్పుకుంటాడు కాబట్టి చదివేవాళ్లు నటించక్కర్లేదు, మామూలుగా మాట్లాడితే చాలు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కునే ఘట్టానికి పిల్లలకి వ్యాఖ్యానం అవసరం లేదు. తర్వాతి భాగాల్ని పిల్లల కోసం నేను సిఫారసు చెయ్యను. కథ పెద్దవాళ్ల వైపు వెళ్లిపోతుంది.

చందమామ సీరియళ్ల సంగతి వేరు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నెలకో ముక్క చొప్పున నవలలు రాశారు. ముక్క ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు, చదివి వినిపించడానికి అంతకంటే ఏం కావాలి? వాక్యాలు చిన్నవి, క్రియ ఆఖర్న టక్కున పడుతుంది. ఒక్కటే ఇబ్బంది: సగం భయం చిత్రా గారి బొమ్మల్లో ఉంటుంది. పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకోవాలి. ఇచ్ఛాపురం దాటి కాస్త పైకి వెళ్తే బరంపురం. ‘అతడు - ఆమె’ రాసిన ఉప్పల లక్ష్మణరావు అక్కడివారే. మాస్కోలో కూచుని రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేసినవాళ్లలో ఆయనా ఒకరు. మంచు, ఎలుగుబంట్లు, నోరు తిరగని పేర్లు ఉన్నా మన పిల్లలు ఆ పుస్తకాల్ని తమవి చేసుకున్నారంటే, చెవిని దృష్టిలో పెట్టుకున్న అనువాదమే కారణం.

ఇంతవరకూ గిడుగు గెలిచారు. ఇక్కడో చిక్కుంది. గెలిచింది శిష్టవ్యావహారికం, అంటే కోస్తాలో చదువుకున్న ఇళ్ల తెలుగు. వజ్రపుకొత్తూరు, కవిటి తీరంలో ‘నాను’ అనీ, ‘ఏటి’ అనీ, ‘ఎల్లిపోనాడు’ అనీ మాట్లాడే గుంటలకి పార్వతీశం భాష కూడా కొంచెం పరాయిదే. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకి మరీనూ. ఉత్తరాంధ్ర నుంచి కథ చాలా గొప్పగా వచ్చింది, శ్రీకాకుళంలో కారా గారి కథానిలయమే సాక్ష్యం. కానీ తన యాసలో పదేళ్ల పిల్లకి వరసగా ఇరవై రాత్రులు చదివే నవల కావాలంటే చెయ్యి అల్మారాలో చాలాసేపు వెతుక్కుంటుంది. మరి చదివేవాళ్లు అప్పటికప్పుడు యాస మార్చి చదవొచ్చా? నా దృష్టిలో నిక్షేపంగా చదవొచ్చు. రచయిత వాక్యం పవిత్రమే గానీ, జముకుల కథ విన్న ఊళ్లకి కథ నోటినిబట్టి మారుతుందని ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. పిల్లల పుస్తకంలో చావు ఉంటే మనం పేజీలు దాటేస్తాం. ఉద్దానంలో అలా దాటేసి లాభం లేదు. ఏళ్ల తరబడి అక్కడ కిడ్నీ జబ్బు ఇళ్లకి ఇళ్లని తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. నాన్న డయాలసిస్‌కి వెళ్లొచ్చి పడుకున్న ఇంట్లో పిల్లలకి ఎవరూ చావనివే వెతికి చదివితే, ఆ పుస్తకాలు తమ కోసం కాదని వాళ్లకి తెలిసిపోతుంది.

అందుకే ఇక్కడికి నేను ముందు చెప్పే పేరు ‘రైలుబడి’, తెత్సుకో కురొయనాగి ‘తొత్తోచాన్’కి తెలుగు. నవల అనడం కంటే జ్ఞాపకాలనాలి గానీ, వినేవాళ్లకి ఆ తేడా పట్టదు. అధ్యాయాలు రెండు మూడు పేజీలే. పాత రైలుపెట్టెల్లో తరగతులు జరుగుతాయి, పలాస స్టేషన్ చూసిన పిల్లలకి అది ఊహించుకోవడం చిటికెలో పని. పోలియో వచ్చిన యాసుఆకిని తొత్తోచాన్ తన చెట్టెక్కిస్తుంది. చాలా అధ్యాయాల తర్వాత ఆ పిల్లాడు చనిపోతాడు. అతను చదవమని ఇచ్చిన పుస్తకం ఆ పిల్ల దగ్గరే ఉండిపోతుంది. రచయిత్రి ఏడిపించడానికి ఒక్క మాట ఎక్కువ వాడదు. ఆఖర్న 1945 బాంబులకి బడి తగలబడిపోతుంది. హెడ్మాస్టరు ఆ మంటల్ని చూస్తూ, ఈసారి ఎలాంటి బడి కట్టాలా అని ఆలోచిస్తుంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరితోటల్ని పడగొట్టేశాక మళ్లీ మొక్కలు నాటిన ఊళ్లివి.

ఆ రెండు అధ్యాయాలూ ఒకే రాత్రి చదవొద్దు. పుస్తకం మొదట్లోనే టిఫిన్ డబ్బాల అధ్యాయం వస్తుంది. పిల్లలు అన్నంలోకి సముద్రం నుంచి ఒకటి, కొండ నుంచి ఒకటి తెచ్చుకోవాలన్నది ఆ హెడ్మాస్టరు పెట్టిన నియమం. ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క మహేంద్రగిరి ఉన్నచోట దాన్ని మొదటి వారంలోనే చదివేసి, మర్నాడు డబ్బాలో ఏం పెట్టాలో పిల్లల్నే చెప్పనివ్వొచ్చు.