గాజు పిట్టను చేసిన చెయ్యి ఎవరిది?

చాలా ఇళ్ళలో షోకేసులో పెళ్ళి ఫోటో పక్కన ఒక గాజు పిట్ట కూర్చుని ఉంటుంది. దుబాయి నుంచి వచ్చిన బంధువు తెచ్చిందో, ఎవరో శుభకార్యానికి కానుకగా ఇచ్చిందో. దాని ఖరీదు ఎంత అని అడిగేవాళ్ళు ఉంటారు గాని, చేసినవాడు ఎవడు అని అడిగేవాళ్ళు తక్కువ. ఇలాంటి పిట్టల్ని పోగుచేసే షోకు ఉన్న యూరపు, అమెరికా వాళ్ళు మాత్రం ముందు ఆ ప్రశ్నే అడుగుతారు. పేరు తెలియకపోతే అది సంతలో సరుకు. పేరు తేలితే అదే పిట్ట మ్యూజియం అద్దాల వెనక్కి వెళుతుంది. ఆ పేరు ఎలా వెతుకుతారో, వెతుకుతూ పోతే ఆ దారి మన గుమ్మం దాకా ఎలా వస్తుందో పాఠకులకు మనవి చేయదలచాము.

పిట్టను తిరగేసి చూడాలి

గాజు పరీక్ష అడుగు నుంచి మొదలవుతుంది. పనివాడు బోలు ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను తీసుకుని ఊదుతాడు. వేడి ఆరకముందే కత్తెరతో, పట్టకారుతో లాగి ముక్కు, తోక తీస్తాడు. పని ముగించేటందుకు అడుగున ఇంకొక కడ్డీ అతికిస్తాడు. చివర్లో దాన్ని విరిచి తీస్తే అక్కడ గరుకు మచ్చ మిగులుతుంది. మంచి కార్ఖానాల్లో ఆ మచ్చను సానబట్టి నున్నగా చేస్తారు. అచ్చులో తయారైన పిట్టకైతే, అచ్చు భాగాలు కలిసిన చోట సన్నని గీత కనబడుతుంది. చేతి పనా, అచ్చు పనా అన్నది ఈ చూపుతోనే చాలావరకు తేలిపోతుంది.

తరవాత బరువు చూస్తారు. సీసం కలిపిన గాజు బరువుగా ఉంటుంది, మెరుపూ ఎక్కువ. ఆ పైన రంగు చూస్తారు. ఇటలీలో వెనిస్ పక్కనున్న మురానో దీవి పనివాళ్ళు ఒక రంగు గాజు మీద మరో రంగు గాజు పొరగా ముంచి తీస్తారు. లోపలి రంగు నీళ్ళలో మునిగినట్టు కనబడుతుంది. కళ్ళు, కాళ్ళు కూడా సాక్ష్యం చెబుతాయి. 1960ల మొదట్లో అలెస్సాండ్రో పియానోన్ అనే ఆయన మురానోలోని విస్తోసి కార్ఖానాకు గీసిచ్చిన పిట్టలకు రాగి తీగ కాళ్ళుంటాయి. వాటిని ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఇట్టే గుర్తుపడతారు.

చివరగా సంతకం. ఫ్రాన్సులో రెనే లాలిక్ బతికి ఉన్న రోజుల్లో ఆయన గాజు మీద పేరు ముందు 'ఆర్' అక్షరం ఉండేది. 1945లో ఆయన పోయాక ఆ అక్షరం మానేశారు. కాబట్టి ఆయన కోడిపుంజు బొమ్మ ఏ కాలానిదో ఒక్క అక్షరం చెప్పగలదు. ఇంగ్లండులో కింగ్స్ లిన్ అనే ఊళ్ళో రొనాల్డ్ స్టెనెట్-విల్సన్ 1967లో పెట్టిన గాజు కార్ఖానాను 1969లో వెడ్జ్‌వుడ్ కంపెనీ కొన్నది. అక్కడి గాజు పిట్టల అడుగున ఆసిడ్‌తో వేసిన కంపెనీ ముద్ర ఉంటుంది, వెలుతురుకు వాల్చి పట్టుకుంటేనే కనబడుతుంది. ఫిన్లండులో 1793 నాటి నూతాయర్వి కార్ఖానాకు ఒయివా తొయిక్కా 1970ల నుంచి వందలాది పిట్టల్ని రూపొందించాడు. వాటి అడుగున ఆయన పేరు గీసి ఉంటుంది.

కాగితం చీటీని మాత్రం గుడ్డిగా నమ్మరాదు. ఒకదాని మీద నుంచి ఊడదీసి మరొకదాని మీద అంటించవచ్చు. లాలిక్ సంతకాన్ని ఇతరుల గాజు మీద గీసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. ఈ బాధ పడలేకనే 1994లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసి, మురానో గాజుకు ఒక అధికార ముద్ర ఏర్పాటు చేసింది. సరుకు లోపం దాచి అమ్మడం మన దీనులో ఎంత తప్పో అందరికీ తెలుసు. లేని పేరు తగిలించి అమ్మడం కూడా ఆ కోవలోదే.

దొరికిన పేరు ఎవరిది?

ఇంత శ్రమపడి పేరు పట్టుకున్నాక ఇంకో ప్రశ్న లేస్తుంది. ఆ పేరు ఎవరిది? తొయిక్కా పిట్ట రూపం ఆయన మనసులో పుట్టింది, నిజమే. కొలిమి దగ్గర దాన్ని ఊదింది కార్ఖానాలోని ఉస్తాదులు. లాలిక్ పేరున్న వస్తువులు ఆయన కార్ఖానాలో పనివాళ్ళ చేతుల మీదుగా తయారైనవే. అంటే 'ఎవరు చేశారు' అన్న ప్రశ్నకు మూడు జవాబులు: గీసినవాడు, కార్ఖానా యజమాని, ఊదినవాడు. సాధారణంగా మొదటి ఇద్దరి పేర్లే మిగులుతాయి.

జర్మనీలోని లౌషా అనే కొండ ఊరి సంగతి ఇంకా విచారం. అక్కడ 1597లో గాజు కొలిమి వెలిసింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరివాళ్ళు క్రిస్మస్ చెట్టుకు తగిలించే పల్చని గాజు పిట్టలు చేయసాగారు. తోకకు దారాల్లాంటి గాజు పోగులు, కాళ్ళ చోట కొమ్మకు పట్టించే చిన్న క్లిప్పు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఊదడం, లోపల వెండి పూత, పైన రంగులు. సరుకు జోన్నెబెర్గ్ పట్టణంలోని టోకు వ్యాపారుల ద్వారా అమెరికా వెళ్ళేది. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం ప్రకారం సరుకు మీద గాని పెట్టె మీద గాని దేశం పేరు రాయాల్సి వచ్చింది. కాబట్టి సేకరించేవాళ్ళు ముద్ర చూసి జర్మనీ అని చెప్పగలరు. ఏ ఇంటివాళ్ళు ఊదారో ఆ ముద్ర చెప్పదు.

షామ్ దేశపు గాజు

ఈ విద్య మొదలైంది మాత్రం యూరపులో కాదు. గొట్టంతో గాజు ఊదడం క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో షామ్, ఫలస్తీను ప్రాంతాల్లో పుట్టింది. ఆ విద్య రోము రాజ్యమంతా పాకింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పల్చని గాజు పిట్టల్ని ఊది, లోపల అలంకరణ పొడి పోసి, మంటలో మూతి మూసేవారు. కొన్నవాళ్ళు తోక విరిచి వాడుకునేవారు. ఆ పిట్టల మీద చేసినవాడి పేరు ఉండదు. అదే శతాబ్దంలో ఎన్నియోన్ అనే ఉస్తాదు మాత్రం, తనను చేసింది ఎన్నియోన్ అని గిన్నె చేతనే చెప్పించినట్టు అచ్చులో గ్రీకు అక్షరాలు చెక్కాడు. రెండు వేల ఏళ్ళయినా ఆ పేరు చెక్కు చెదరలేదు.

వెనిస్ గొప్పతనం వెనక కూడా షామ్ ఉన్నది. 1277లో వెనిస్‌కూ, అంతాకియా ప్రభువు బొహెమండ్‌కూ జరిగిన ఒడంబడికలో పగిలిన గాజు ముక్కల ఎగుమతి ప్రస్తావన ఉన్నది. షామ్ తీరపు ఉప్పు మొక్కల బూడిద కూడా వెనిస్ కొలిములకు వెళ్ళేది. 1291లో వెనిస్ ప్రభుత్వం కొలుముల్ని మురానో దీవికి తరలించింది. నేడు మురానో పిట్టను మురిపెంగా చూసేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరు?

పద్నాలుగో శతాబ్దంలో మమ్లూక్ సుల్తానుల కాలాన మసీదుల కోసం మీనా పని చేసిన గాజు దీపాలు తయారయ్యాయి. చాలా దీపాల మీద దీపం, గాజు ప్రస్తావన ఉన్న నూర్ సూరా 35వ ఆయతు రాసి ఉంటుంది. దీపం వక్ఫ్ చేసిన సుల్తాను పేరో, అమీరు పేరో బిరుదులతో సహా ఉంటుంది. చేసిన కారీగరు పేరు ఉండటం బహు అరుదు. అమీర్ ఖౌసూన్ చేయించిన ఒక దీపం న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. దాని మీద అలీ ఇబ్న్ ముహమ్మద్ అనే పనివాడి సంతకం ఉన్నది గనక పండితులు దాన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు బ్రోకార్ ఈ దీపాలను చూసి అదే పద్ధతిలో చేసి, తన పేరు రాసుకున్నాడు. చూసి చేసినవాడి పేరు మనకు తెలుసు, మొదట చేసినవాళ్ళలో ఎక్కువమంది పేరు తెలియదు!

పేరు ఎలా నిలుస్తుందో ఇంకొక ఉదాహరణ చూద్దాము. తొమ్మిదో శతాబ్దంలో అందలూస్ దేశపు ఖుర్తుబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఉండేవాడు. రాళ్ళ నుంచి స్ఫటికం వంటి గాజు తీసే ఉపాయం కనిపెట్టాడనీ, ఒంటికి ఈకలు, రెక్కలు కట్టుకుని పిట్టలా ఎగరబోయాడనీ, తోక పెట్టుకోవడం మరిచి దిగేటప్పుడు దెబ్బ తిన్నాడనీ పదిహేడో శతాబ్దపు చరిత్రకారుడు అల్-మక్కరీ రాశాడు. ఆయన చేతి గాజు ఒక్క ముక్కా మన ముందు లేదు. ఎవరో రాసి పెట్టారు గనక పేరు మిగిలింది.

మన వీధి సంగతి

తెలుగులో 'గాజు' అంటే ఆ పదార్థమూ, చేతికి తొడిగేదీ రెండూను. మన హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులకు చార్మీనారంత పేరు. వాటి మీద గాజు రాళ్ళు పొదిగే పనిలో తరతరాలుగా మన బిరాదరీ కుటుంబాలు, మన ఆడపడుచులు ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం చూసి వచ్చిన పిల్లవాడు శిల్పి బెంజోనీ పేరు చెబుతాడు. తన తల్లి చేతికున్న గాజులు ఎవరు చేశారంటే దుకాణం పేరు చెబుతాడు.

2024 మార్చిలో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. అయితే అది ఊరికి దక్కిన పేరు. 1999 నాటి ఆ చట్టంలోనే ఇంకొక సౌకర్యం ఉన్నది. ఆ వస్తువు తయారుచేసేవారు దరఖాస్తు పెట్టుకుంటే, అధికృత వినియోగదారుగా వాళ్ళ పేరు రిజిస్టరు 'బి' భాగంలో నమోదవుతుంది. రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలో ఉన్నది. కొలిమి ముందు కూర్చునే మనిషికి ఈ కబురు అందాలి, అందినా ఫారం నింపి పెట్టేవాళ్ళు ఉండాలి.

ఇక్కడే మన సొసైటీ వంటి సంఘాలకు పని ఉన్నది. చదువుకున్న కుర్రవాళ్ళు నలుగురు ఒక ఆదివారం వీధిలో తిరిగి, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. కావలసినవాళ్ళకు ఫారాలు నింపి పంపాలి. ముసలి ఉస్తాదుల పేర్లు ముందు రాయాలి, వాళ్ళు ఉండగానే రాయాలి. ఇన్‌షా అల్లాహ్, వచ్చే సంవత్సరం సావనీరులో ఆ పేర్ల పట్టికకు రెండు పేజీలు కేటాయించవలసిందిగా కార్యవర్గం వారిని కోరుతున్నాము.