తాళం ఇచ్చే ముందు

జూన్ 11, మధ్యాహ్నం మూడు దాటింది. రేపే బడి తెరిచేది. మెదక్ జిల్లాలో ఒక చిన్న టౌన్లో ప్రైవేటు స్కూలు మీది. అందరూ మిమ్మల్ని కరస్పాండెంట్ సార్ అంటారు. మూడు బస్సులు. ఇద్దరే డ్రైవర్లు. మూడో అతను పొద్దున్నే ఫోన్ చేసి, దుబాయ్ వీసా వచ్చిందని, ఇక రానని చెప్పేశాడు. అప్పట్నుంచి మీ ఫోన్ మోగుతూనే ఉంది. "సార్, మా తండాకు రేపు బస్సు ఎన్నింటికొస్తది?"

గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో లైసెన్సు, ఆధార్ జిరాక్సు, పాత స్కూలు ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటరు. "పన్నెండేండ్ల సంది బండి నడుపుతున్న సార్. స్కూలు బస్సులే."

మీ గుండెల మీంచి బరువు దిగిపోతుంది. తాళం అతని చేతిలో పెట్టి పక్కన కూర్చుంటారు. అతను ముందు అద్దాలు సర్దుకుంటాడు. గుంత కనబడగానే గేరు దించుతాడు. బర్రెల మంద అడ్డొస్తే హారన్ మోగించకుండా ఆగుతాడు. చేయి తిరిగిన డ్రైవరే, అనుమానం లేదు. కానీ ఇప్పటిదాకా మీకు తెలిసిందల్లా ఒక్కటే: ఓనరు పక్కన కూర్చుంటే ఇతను బండి బాగా నడుపుతాడు.

తిరిగొచ్చి ఆఫీసులో కూర్చుంటారు. అతను బయట వేపచెట్టు కింద ఉన్నాడు. నెలకెంతో మాట్లాడుకుని సంతకం పెట్టించేస్తే పని అయిపోతుంది. కానీ ఎదుటి గోడకు బస్సు ఫిట్‌నెస్ కాయితం వేలాడుతోంది. మే 15తో పాతది తీరిపోతే బండిని ఆర్టీఏ ఆఫీసుకు తోలుకెళ్లి కొత్తది తెచ్చారు. వాళ్లు బ్రేకులు చూశారు, వైపర్లు చూశారు, ఎమర్జెన్సీ డోర్ తీసి వేసి చూశారు. ఇనప డబ్బాకు ఇంత పరీక్ష పెట్టించి, దాన్ని నడిపే మనిషిని బొట్టు చూసి నమ్మేస్తారా?

ఫోన్లో పరివాహన్ సైటు తెరుస్తారు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడతారు. పేరు సరిపోయింది. గడువు ఉంది. కానీ హెవీ బండికి అనుమతి వచ్చి ఆరేళ్లే అయింది. పన్నెండేళ్లన్నాడే! అంతకు ముందు ట్రాలీ ఆటో తోలాడేమో. ఉద్యోగం కోసం కొంచెం కలిపి చెప్పుకోనివాళ్లు ఎవరుంటారు అని మీకు మీరే సర్దిచెప్పుకుంటారు. నిజానికి ఆరేళ్లు చాలు కూడా. ఢిల్లీ ట్రాఫిక్ కేసులో 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది: బడి బస్సు డ్రైవరుకు కనీసం ఐదేళ్ల హెవీ అనుభవం ఉండాలి, తాగి నడుపుతూ ఒక్కసారి చలానా పడ్డా అతనికి ఆ బస్సు ఇవ్వకూడదు.

లెటరు కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తారు. మొదటి రింగుకే ఎత్తారు.

"మీ దగ్గర పనిచేసిన డ్రైవర్ గురించి..."

"శానా మంచోడు సార్! కండ్లు మూసుకొని పెట్టుకోండ్రి."

మీరింకా పేరు చెప్పలేదు. అవతల టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మోత, రేంచీ కిందపడ్డ చప్పుడు. ఇది స్కూలు ఆఫీసా, పంక్చర్ షాపా?

లెటరు పక్కన పెట్టండి. దాని మీదున్న నంబరు ఇచ్చిందీ అతనే కదా. ఆ స్కూలు నంబరు మీరే వెతుక్కోండి. మీ లెక్కల సారు ఒకప్పుడు అక్కడే పనిచేశాడు. రెండు నిమిషాల్లో నంబరు ఇస్తాడు. ఈసారి ఎత్తింది క్లర్కు. పేరు వినగానే ఒక్క క్షణం ఆగుతాడు.

"అతనా సార్... డిసెంబర్లనే పంపించేసినం. పొద్దుగాల పిల్లల్ని ఎక్కించుకొని వస్తుంటే పోలీసోల్లు ఊదిపిచ్చిన్రు. దొరికిండు. లెటర్ మేం ఇయ్యలే."

బయట ఇంజిన్ స్టార్టయింది.

తాళం! తిరిగి తీసుకోలేదు. కిటికీలోంచి చూస్తారు. అతను సీట్లో ఉన్నాడు. క్లీనర్ పిల్లాడు ఫుట్‌బోర్డు మీద. బండి గేటు వైపు తిరుగుతోంది.

"డీజిల్ కొట్టిచ్చుకొస్త సార్!"

పరుగెత్తుతారు. బండికి అడ్డం నిలబడతారు. చెయ్యెత్తుతారు. బంపర్ మీకు రెండు అడుగుల దూరంలో ఆగుతుంది.

"అన్నా, దిగు."

"ఏమైంది సార్?"

"ఇంజిన్ ఆపు. దిగు."

దిగాడు. డిసెంబర్ సంగతి అడుగుతారు. తల వంచుకున్నాడు. "ఒక్కసారే సార్. నాగ్గూడ పిల్లలున్నరు." నిజమే కావచ్చు. చెప్పుకోనివ్వండి, వినండి. తాళం మాత్రం ముందు తీసుకోండి.

ఫోన్ మళ్లీ మోగుతోంది, తండా నుంచే. మనసు మెలిక వేస్తుంది: రేపొక్కరోజు నడిపిస్తే? ఎల్లుండికి ఇంకొకర్ని చూసుకోవచ్చు కదా? కానీ మీది ఏ జిల్లా? 2014 జూలై 24 పొద్దున మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటు మీద, నాందేడ్ ప్యాసింజర్ స్కూలు బస్సును గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. ఆ రోజు బస్సు నడిపింది రోజూ వచ్చే డ్రైవర్ కాదు, బదులుగా వచ్చినవాడని అప్పటి పత్రికలు రాశాయి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను రైల్వే 2019 నాటికి ఎత్తేసింది. స్టీరింగ్ ముందు ఎవర్ని కూర్చోబెట్టాలన్నది మాత్రం ఇవాళ్టికీ మీ చేతిలోనే ఉంది.

తండావాళ్లకు చెప్పేయండి: రేపు మూడో బస్సు రాదు, రెండో బస్సే రెండు ట్రిప్పులు వేస్తుంది, మొదటిది ఏడింటికే. తిడతారు. పడండి.

సాయంత్రం సర్పంచ్ గారు ఫోన్ చేస్తారు. తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడట, బంగారం లాంటి మనిషట, రేపే పంపిస్తారట. రమ్మనండి. వచ్చేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ ఫారానికి రెండు ఫోటోలు తెచ్చుకోమనండి. పిల్లల దగ్గర మసిలే ప్రతి ఉద్యోగికీ, కాంట్రాక్టు మీద వచ్చినా సరే, ఆ విచారణ చేయించాలని 2020 పోక్సో నిబంధనల్లోనే ఉంది. సర్పంచ్ గారి మాట అందులో లెక్కకు రాదు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ మాత్రం ఈ రాత్రికే వాట్సాప్‌లో పెట్టమనండి.