దైవకృపయు దైవన్యాయమును



మన సీమలో ఏ ఊరి రచ్చబండ కడ కూర్చున్నను, ఒకని కష్టము ప్రస్తావనకు వచ్చినప్పుడు “వాని నుదుటి వ్రాత” యను మాట వినబడక మానదు. ఆ మాట పలికినవారే మఱుక్షణమున “వాడు చేసికొన్నదే” యనియు ననుచుందురు. ఈ రెండు మాటలకును పొత్తు కుదురునా? వ్రాత యీశ్వరునిదైనచో తప్పు నరునిది యెట్లగును? తప్పు నరునిదే యైనచో ఈశ్వరుని సర్వాధిపత్యమునకు కొఱత రాదా? క్రైస్తవమతమున ఈ ప్రశ్న పదునాఱు వందల యేండ్లుగా వాదమునకు వస్తువై యున్నది. అది మనకు దూరదేశపు ముచ్చట కాదు. ఆ వాదమున తలపడిన పక్షములవారే వేర్వేఱు కాలములందు తెలుగునేలకు వచ్చి, ఇచటి క్రైస్తవసంఘములకు పునాదులు వేసిరి. ఆ చరిత్రను సంగ్రహముగా విన్నవింతును.

ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరమున సంఘాధ్యక్షుడుగా నుండిన అగస్టీను (354–430) ఈ వాదమునకు మూలపురుషుడు. ఆదాము చేసిన యతిక్రమము వలన మానవజాతి యంతయు పాపబద్ధమైనదనియు, ఆ బంధమును స్వశక్తిచే త్రెంచుకొనుట ఎవ్వనికిని సాధ్యము కాదనియు, దేవుడు కృపచే ఎన్నుకొన్నవారే తరింతురనియు ఆయన బోధించెను. బ్రిటను ద్వీపము నుండి రోమునకు వచ్చిన పెలాగియుసు అను తాపసి దీని కొప్పుకొనలేదు. చేయుటకు శక్తియే లేనివానికి విధి యేల? ఈత రానివానిని ఏటిలో త్రోసి, మునిగినందులకు వానిని దండించుట న్యాయమా? అతని పక్షపు సారమును మన మాటలలో ఇట్లు చెప్పవచ్చును. 418లో కార్తేజి సభ పెలాగియుసు బోధను ఖండించెను. 529లో ఓరాంజి సభ కృపకే ప్రాధాన్యము నిచ్చుచు, దేవుడు కొందఱిని చెడుగునకే నియమించెనను మాటను మాత్రము త్రోసివేసెను.

వేదాంతము చదివినవారికి ఈ శంక క్రొత్తది కాదు. బ్రహ్మసూత్రములలోని వైషమ్యనైర్ఘృణ్యాధికరణమున ఇదియే పూర్వపక్షము. ఒకనికి సుఖమును మఱొకనికి దుఃఖమును ఇచ్చు నీశ్వరునకు పక్షపాతమును నిర్దయయు అంటవా యని ప్రశ్న. జీవుల కర్మము ననుసరించియే ఫల మిచ్చుననియు, ఆ కర్మము అనాది యనియు సమాధానము. క్రైస్తవమున పూర్వజన్మము లేదు, అనాదికర్మమును లేదు. కావున ప్రశ్న యొక్క బరువంతయు ఆదాము చేసిన యొక్క పనిమీదను, తుదకు దేవుని సంకల్పముమీదను పడుచున్నది. అచట ఈ వాద మంత తీవ్రమగుటకు ఇదియే హేతువని నాకు తోచుచున్నది.

16వ శతాబ్దిలో యూరపుఖండమున మతసంస్కరణముతో ఈ నిప్పు మరల రగిలెను. మానవుని యిచ్ఛకు స్వాతంత్ర్యము కలదని 1524లో ఎరాస్మసు వ్రాయగా, అది బద్ధమే యని 1525లో లూథరు బదులు వ్రాసెను. జెనీవా నగరమున కాల్విను ఇంకను ముందునకు పోయి, కొందఱు నిత్యజీవమునకును కొందఱు నిత్యనాశమునకును దేవునిచే ముందుగనే నిర్ణయింపబడిరని చెప్పెను. జీవులలో ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అను మూడు తెగలు చెప్పు మన మధ్వమతముతో దీనిని పోల్చువారు కలరు. పోలిక కొంతవఱకే చెల్లును. మధ్వమతమున ఆ భేదము జీవస్వరూపమందే అనాదిగా నున్నది. కాల్విను మతమున అది దేవుని నిర్ణయమందున్నది. హాలండు దేశమున అర్మీనియుసు శిష్యులు 1610లో కాల్విను మతము నెదిరింపగా, 1618–19లలో డోర్టు సభ వారిని ఖండించెను.

రోమను కథోలికులలోను ఇట్టి కలహమే పుట్టెను. ఏ జీవుడు ఏ స్థితిలో స్వేచ్ఛగా ఏమి చేయునో దేవుడు ముందెఱిగి, ఆ యెఱుకతోనే కృప నొసగునని యేసుసభకు చెందిన మొలీనా 1588లో వ్రాసెను. ఇది కృపను మానవేచ్ఛకు లోబఱచుటయే యని దొమినికుసభవారు ఆక్షేపించిరి. ఈ వ్యవహారము రోములో దాదాపు పదేండ్లు విచారింపబడెను. 1607లో అయిదవ పౌలు పోపు ఏ పక్షమును తప్పనక, ఒకరి నొకరు మతభ్రష్టులని దూషింపరాదని మాత్రము కట్టడి చేసెను.

ఆ కాలముననే మన దేశమున ఏమి జరుగుచుండెనో చూడుడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధము పిమ్మట విజయనగర రాజ్యమునకు పెనుకొండ రాజధాని యయ్యెను. తరువాత వేంకటపతిరాయల కాలమున రాజధాని చంద్రగిరికి మాఱెను. 1598లో యేసుసభవారు చంద్రగిరిలో ఆ రాయల దర్శనము చేసికొనిరి. రాజగురువు లక్ష్మీకుమార తాతాచార్యులు శ్రీవైష్ణవుడు. శ్రీవైష్ణవులలోనో, అంతకు పూర్వము నుండియే కోతిపిల్ల, పిల్లికూన వాదము నడచుచుండెను. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూన యూరకున్నను తల్లియే దానిని నోట కఱచుకొని పోవును. శరణాగతునకు కోతిపిల్లవలె కొంత యత్నము వలయునని వడగలవారును, పిల్లికూనవలె నిర్హేతుకకృపయే చాలునని తెంగలవారును చెప్పుదురు. రోములో వాదించుకొన్న పండితులకును వీరికిని నడుమ సముద్రములున్నను, చిక్కుముడి మాత్ర మొక్కటే.

18వ శతాబ్ది తొలినాళ్ళలో ఫ్రెంచి యేసుసభవారు పుదుచ్చేరి నుండి బయలుదేఱి, పుంగనూరు మీదుగా మన సీమవైపు వచ్చిరి. అప్పుడు వారి స్వదేశము ఈ వాదముతోనే అట్టుడుకుచుండెను. 1640లో వెలువడిన జాన్సెను గ్రంథము అగస్టీను మతమును కఠినముగా పునరుద్ధరించెను. 1656–57లలో పాస్కలు తన లేఖలలో యేసుసభవారిని చీల్చి చెండాడెను. 1713లో పోపు శాసనము జాన్సెను పక్షమును ఖండించినను కలహ మాఱలేదు. ఇచటికి వచ్చినవారిలో నొకడైన లె గాక్ ఫాదిరి వ్రాసిన జాబులలో, దాసరులు తమ్ము నెదిరించిన వృత్తాంతము కలదు. కృపను తక్కువచేసి మానవయత్నమును హెచ్చుచేసిరని ఇంట నిందపడిన సభవారు, ఇచట నారాయణుని కృపయే గతి యని తిరుగు దాసరుల నెదుర్కొనవలసి వచ్చెను. చరిత్రలో ఇట్టి విచిత్రము లుండును.

ఇక ఇంగ్లండు మాట. 1739లో జాన్ వెస్లీ పూర్వనిర్ణయవాదమును ఖండించుచు ప్రసంగింపగా, ఆయన మిత్రుడు విట్‌ఫీల్డు కాల్విను పక్షము నిలిచి బహిరంగలేఖ వ్రాసెను. మిత్రులు విడిపోయిరి. ఐనను 1770లో విట్‌ఫీల్డు మరణింపగా, లండనులో ఆయనకు సంస్మరణప్రసంగము చేసినది వెస్లీయే. ఎన్నుకొనబడినవారిని దేవుడే పిలుచుకొనును, దూరదేశములకు బోధకుల నంపుట యేల యను అతివాదులు ఆ దేశమున ఉండిరి. 1785లో ఆండ్రూ ఫుల్లరు, కాల్విను మతమునందు నిలిచియే, సువార్త అందఱికిని చెప్పవలసినదే యని వాదించెను. ఆ తలుపు తెఱచుకొనిన పిమ్మట 1795లో లండను మిషను ఏర్పడెను. 1805లో దాని బోధకులు విశాఖపట్టణము చేరిరి. తరువాత బళ్ళారి, కడప, గుత్తి, అనంతపురములలో ఆ మిషను నెలకొన్నది. దాని వెనుకనున్న సంఘములు చాలవఱకు కాల్విను సంతతి. మెదకుసీమకు వచ్చినవారు వెస్లీ సంతతి.

ఇంతవఱకు పండితుల వాదము. 1876–78లలో దక్షిణదేశమున గొప్ప కఱవు వచ్చి, లక్షలకొలది జనులు మరణించిరి. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు అప్పటికి బళ్ళారి జిల్లాలోనివి. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా 2022లో ఏర్పడినది. బళ్ళారి జిల్లా ఆ కఱవునకు మిక్కిలి గుఱియైన వానిలో నొకటి. ఆకలిచే చచ్చువానిని చూచి “దేవుడు వీని నెన్నుకొనలేదు” అనుటయు, “ఇది వీని పూర్వకర్మము” అనుటయు ఫలమున నొక్కటియే. రెండును గంజిముంతను వానికి దూరము చేయును. ఒంగోలు ప్రాంతమున క్లౌ అను అమెరికా బాప్టిస్టు బోధకుడు బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగము కంట్రాక్టు తీసికొని బీదలకు కూలి కల్పించెను. అన్నమునకై మతమున చేరుదురను శంకచే, ఆ దినములలో బాప్తిస్మము లియ్యక నిలిపెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. వారిలో అధికులు మాదిగ కుటుంబములవారు. ‘అందఱును పాపులే’ యను బోధ చెవికి కటువుగా వినబడును. కాని పుట్టుకచేతనే మైల యని అంతవఱకు వినుచు వచ్చినవారికి, పెద్దయింటివాడును తమతో సమానముగా కృపకై చేయి చాపవలసినవాడే యను మాట అందులో వినబడియుండును.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. 1908లోనే ఏకమైన లండను మిషనువారు మొదలగు కాల్విను సంతతియు, వెస్లీ సంతతియు, ఆంగ్లికనులును ఒక్క పీటమీదికి వచ్చిరి. వారు తమ విశ్వాసమునకు వేదగ్రంథమును, రెండు ప్రాచీన విశ్వాససంగ్రహములను ఆధారముగా గైకొనిరి. ఆ రెండు సంగ్రహములలోను పూర్వనిర్ణయము ప్రసక్తి లేదు. వాదము తీఱలేదు. కాని దానికై సంఘమును చీల్చుకొనుట మానిరి. 1607లో పోపు చేసిన కట్టడియు ఇట్టిదే.

ఈ చరిత్ర వలన నాకు తెలిసిన దొక్కటి. “నా యోగ్యతచే కాదు, కృపచేతనే” యని ఒకడు తన్నుగూర్చి చెప్పుకొన్నచో అది వినయము. “వానికి కృప లేదు” అని పరునిగూర్చి చెప్పినచో అదే సిద్ధాంతము క్రౌర్యమగును. కర్మసిద్ధాంతమునకును ఇదే నియమము చెల్లును. తన కష్టమునకు తన కర్మము కారణ మనుకొన్నవాడు ఓర్పు నేర్చును. పొరుగువాని కష్టమునకు వాని కర్మము కారణ మనువాడు తలుపు మూసికొనును. అగస్టీను తన్నుగూర్చి చెప్పుకొన్నంతవఱకు ఎవ్వరికిని నొప్పి లేదు. ఆ వేలు ఎదుటివానివైపు తిరిగిన ప్రతిసారియు సంఘము చీలెను. ఈశ్వరుని న్యాయము మన కొలతకు లోబడదు. మన న్యాయము మాత్రము మన చేతిలోనిది. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచినప్పుడు వాని వ్రాత యెవ్వరిదని విచారింపక, మొదట అన్నము పెట్టుదము.