ఏఁబది దాటిన పిదప నొక పత్రిక

ఏఁబదియేండ్లు దాటినవారి వ్రాతల కొక చిన్న పత్రిక పెట్టుదమని మే మనఁగా, ఈ వయస్సునఁ బత్రికయా యని కొందఱు నవ్విరి. వారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని జ్ఞప్తిచేయుచున్నాము. 1863లో జన్మించిన యామహనీయులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, 1911లో ఉద్యోగము చాలించి, 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించిరి. అది యేడాదికాలమే నడచినది. జనుల నోటనున్న భాష వ్రాఁతకుఁ దగునని వాదించుటయే దాని పని. (గ్రాంథికము విడువలేని మేము దీనిని మెచ్చుట వింతయే!) సవరల నోట విని వారి భాష నేర్చినవారును ఆ పంతులుగారే.

మన ఫిషింగ్ హార్బరునందు వలలను, గాలులను, నీటిపోటును గూర్చి వృద్ధు లాడుమాటలలో నెన్ని నిఘంటువుల కెక్కినవి? వ్రాయనేరనివారు చెప్పినచో మేము వ్రాసికొందుము. తొలిసంచికకుఁ గాగితపు వ్యయము మాత్రము పోషకులు భరింపవలెను.