బ్లైండ్ కాంటూర్ చిత్రలేఖనం

బ్లైండ్ కాంటూర్ అనేది కాగితం వైపు చూడకుండా, ఎదుటి వస్తువు అంచుల వెంట చూపు కదిలే వేగంతోనే పెన్సిలును నడిపి గీసే రేఖాచిత్ర పద్ధతి. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అధ్యాపకుడు కిమన్ నికొలాయిడిస్ (1891–1938) బోధనతో ఇది ప్రచారం పొందింది. ఆయన గ్రంథం ‘ది నేచురల్ వే టు డ్రా’ మరణానంతరం 1941లో వెలువడింది.

ఈ చిత్రాల్లో కొలతలు తప్పుతాయి: కన్ను ముక్కు మీదికి జరుగుతుంది, దవడ గీత మొదలైన చోట కలవదు. పూర్తిస్థాయి చిత్రంగా మలచడానికి ఎంచుకున్న గీతను లైట్ బాక్సుపై మందపాటి కాగితం మీదికి దించి, నీటికి చెదరని ఇంకుతో దిద్దుతారు. ఇంకు ఆరాక, గీతలు ఒకదాన్నొకటి దాటినచోట ఏర్పడిన గడులలో నీటిరంగులు నింపుతారు. వంకరలను సరిచేయరు, చిత్రానికి ప్రత్యేకత వాటివల్లనే వస్తుంది. పరిశీలనాశక్తిని పెంచే ప్రాథమిక అభ్యాసంగా కళాశిక్షణలో ఈ పద్ధతి నేటికీ కొనసాగుతోంది.